మట్టి రావచ్చు, కుమ్మరి వెళ్ళకూడదు

జోసయ్య వెడ్జ్‌వుడ్ పేరు మన బ్రాంచిల్లో ఒక్కొక్కరికి ఒక్కో చోట తగులుతుంది. మెటలర్జీ వాళ్ళకి పైరోమీటర్ దగ్గర, మేనేజ్‌మెంట్ పేపర్ తీసుకున్న వాళ్ళకి ఫ్యాక్టరీలో పని విభజన దగ్గర. డార్విన్ గురించి చదివిన వాళ్ళకి ఆయన తల్లివైపు తాతగారుగా తెలుస్తాడు. ఇంటర్నెట్‌లో వెతికితే నీలం మీద తెల్లబొమ్మలు అతికిన అందమైన కూజాలు వస్తాయి. ఇవన్నీ గొప్పవే. కానీ ఆయన జీవితం చదువుతుంటే నాకు వీటన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది వేరే సంగతి. ప్రపంచం నలుమూలల నుంచీ మట్టి తెప్పించుకున్న ఈ పెద్దమనిషి, ఆ మట్టి ఉన్న చోటే ఎవరైనా బట్టీ పెడతారేమోనని దాదాపు ఇరవై ఏళ్ళు భయపడ్డాడు. నేను రాయబోయేది ఎక్కువగా ఆ భయం గురించే.

ముందు మనిషిని పరిచయం చేస్తాను. ఇంగ్లండులో స్టాఫర్డ్‌షైర్ అనే జిల్లా, అందులో బర్స్‌లెమ్ అనే ఊరు. ఊరంతా కుమ్మరులే, కొలిమిలో బొగ్గూ కాళ్ళకింద బంకమట్టీ ఆ నేలలోనే దొరుకుతాయి. 1730లో ఆ ఊళ్ళో ఒక కుమ్మరి ఇంట్లో ఆఖరి బిడ్డగా పుట్టాడు జోసయ్య. తొమ్మిదో ఏట తండ్రి పోయాడు, చదువు ఆగిపోయింది, అన్న దగ్గర పనికి కుదిరాడు. ఆ తరవాత మశూచి వచ్చింది. ప్రాణం దక్కింది గానీ కుడి మోకాలు దెబ్బతింది.

ఇక్కడ ఒక చిన్న విషయం గమనించాలి. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో కుమ్మరి సారెని కర్రతో గిర్రున తిప్పి వదిలి, అది తిరిగినంతసేపూ కుండ చేసేవాడు. ఇంగ్లండులో వాడిన సారెల్లో కాలితో తన్ని తిప్పేవి ఎక్కువ. మోకాలు పాడైన కుర్రాడు రోజంతా దాని ముందు కూర్చోలేడు. కాబట్టి జోసయ్య మట్టి కలపడం, అచ్చులు పోయడం, గ్లేజు (అంటే మెరుపు పూత) తయారు చేయడం మీద పడ్డాడు. కొందరు దీన్ని అదృష్టం అని రాస్తారు. మోకాలు నొప్పి పడ్డవాడికి అలా అనిపించి ఉండదని నా అభిప్రాయం. కాకపోతే చేతిపని మనిషిని ప్రయోగశాల మనిషిగా మార్చిన వాటిల్లో అదొకటి అన్నది నిజం.

1754 నుంచి 1759 వరకూ థామస్ వీల్డన్ అనే పేరున్న కుమ్మరితో భాగస్వామిగా ఉన్నాడు. చేసిన ప్రతి ప్రయోగాన్నీ నంబరు వేసి పుస్తకంలో రాసుకునే అలవాటు అప్పుడే పట్టుకుంది. ఇంకెవరికీ అర్థం కాకుండా సొంత గుర్తులు కూడా వాడేవాడు. మన ల్యాబ్ రికార్డులు ఆయన చూస్తే ఏమనేవాడో! 1759లో సొంత పని మొదలుపెట్టాడు. కొన్నేళ్ళకి మీగడ రంగులో, సన్నగా, నున్నగా ఉండే సామాను చేశాడు. 1765లో రాణి షార్లెట్ దానిలో ఒక టీ సెట్ ఆర్డరు ఇచ్చింది. అంతే, ఆ సామానుకి రాణిగారి పేరు పెట్టి అమ్మడం మొదలుపెట్టాడు. రాణి తాగే కప్పులో మనమూ తాగొచ్చు అంటే మధ్యతరగతి ఊరుకుంటుందా? ఇప్పటి యాడ్ ఏజెన్సీలు చేసేది కూడా ఇదే కదా.

సరిగ్గా ఈ 1765లోనే ఆయనకి ఒక కబురు తెలిసింది. అట్లాంటిక్ అవతల దక్షిణ కరోలైనాలో ఎవరో కుండల ఫ్యాక్టరీ పెడుతున్నారనీ, అందుకోసం స్టాఫర్డ్‌షైర్‌లో మనుషుల్ని మాట్లాడుకుంటున్నారనీ. వెడ్జ్‌వుడ్ వెంటనే సర్ విలియం మెరెడిత్ అనే పార్లమెంటు సభ్యుడికి ఉత్తరం రాశాడు. తమ సామానులో పెద్ద భాగం విదేశాలకే పోతుందనీ, అందులో ఉత్తర అమెరికా వలసలు ముఖ్యమనీ, అక్కడి మట్టి తమ మట్టికి తీసిపోదనీ, అక్కడే తయారీ మొదలైతే తమకి నష్టమనీ దాని సారాంశం.

ఈ భయం అర్థం కావాలంటే అప్పటి వలసల లెక్క తెలియాలి. వలస అంటే ముడిసరుకు పంపే చోటు, తయారైన సరుకు కొనే చోటు. పత్తి, నీలిమందు, బియ్యం, కలప అటునుంచి ఇటు, గుడ్డలు, మేకులు, పళ్ళాలు ఇటునుంచి అటు. మన నేతగాళ్ళ చరిత్ర చదివిన వాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. నైపుణ్యం ఉన్న పనివాళ్ళని విదేశాలకి ఆశపెట్టి తీసుకుపోవడం నేరమని ఇంగ్లండులో 1719లోనే చట్టం వచ్చింది, 1750లో శిక్ష ఇంకా పెంచారు. మనం క్యాంపస్ ప్లేస్‌మెంట్లో రెండేళ్ళ బాండు అంటేనే గొణుక్కుంటాం. అక్కడ ఒక చట్టమే బాండులా పనిచేసింది.

ఆ కరోలైనా ఫ్యాక్టరీ మనిషి పేరు జాన్ బార్ట్‌లమ్. ఇతనూ స్టాఫర్డ్‌షైర్ కుమ్మరే. అప్పుల పాలై 1763 ప్రాంతంలో ఓడెక్కాడు. ఛార్ల్‌స్టన్ పట్నానికి దగ్గర్లో వాండో నది ఒడ్డున కేన్ హాయ్ అనే చోట బట్టీ పెట్టాడు. వలసలో పరిశ్రమ పెట్టడం అంటే మట్టి దొరికితే సరిపోదు. బట్టీకి వేడి తట్టుకునే ఇటుకలు కావాలి, గ్లేజుకి సీసం కావాలి, అచ్చులు చేసేవాడు వేరు, పూత పూసేవాడు వేరు, బట్టీ కాల్చేవాడు వేరు. వీళ్ళలో ఒక్కడు పోయినా గొలుసు తెగుతుంది. ఆ గొలుసంతా ఒక్క ఊరి వీధుల్లోనే దొరకడమే స్టాఫర్డ్‌షైర్ బలం. బార్ట్‌లమ్ దాన్ని ముక్కముక్కలుగా ఓడలో తెచ్చుకోవాలి. 1770లో అతను ఛార్ల్‌స్టన్‌కి మారాడు, అక్కడి శాసనసభ డబ్బు సాయం కూడా చేసింది. తరవాత క్యామ్‌డెన్ అనే లోపలి ఊరికి వెళ్ళాడు. 1781లో చనిపోయాడు. లెక్కప్రకారం చూస్తే విఫలమైన స్టార్టప్.

కానీ కేన్ హాయ్‌లో తవ్వకాలు జరిపితే మీగడ రంగు సామాను ముక్కలే కాదు, నీలిబొమ్మలు ముద్రించిన పింగాణీ ముక్కలు కూడా దొరికాయి. అంటే అమెరికాలో తొలి పింగాణీ తయారుచేసిన వాళ్ళలో బార్ట్‌లమ్ ఉన్నాడన్నమాట. ఇంగ్లండులో ఒకాయన 15 పౌన్లకి కొన్న, మూతలేని, విరిగి అతికిన టీ కూజా ఒకటి అతని పనేనని ఈమధ్యనే తేలింది. 2018లో వేలంలో దాని పాట 4,60,000 పౌన్ల దాకా వెళ్ళింది, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం కోసం కొన్నారు. దాన్ని బట్టి వెడ్జ్‌వుడ్ భయం ఊరికే పుట్టింది కాదని నాకనిపిస్తుంది. అవతలివాడి చేతిలో సత్తా ఉందని ఆయనకి తెలుసు.

ఇప్పుడు కథ ఇంకో వైపు తిరుగుతుంది. కరోలైనాలో ఎవరూ కుండలు చేయకూడదని కోరుకున్న వెడ్జ్‌వుడ్ 1767లో థామస్ గ్రిఫిత్స్ అనే మనిషిని అదే కరోలైనాకి పంపాడు. ఎందుకంటే మట్టి కోసం! అక్కడి కొండల్లో చెరోకీ జాతి వాళ్ళ నేలలో పింగాణీకి పనికొచ్చే స్వచ్ఛమైన తెల్లమట్టి ఉందని అంతకు ముందు నుంచీ లండన్‌లో ప్రచారంలో ఉంది. జార్జియా వలసలో సవానా ఊళ్ళో ఆండ్రూ డుషే అనే కుమ్మరి 1738 ప్రాంతంలోనే ఆ రకం మట్టితో పింగాణీ చేశానని చెప్పుకున్నాడు కూడా.

గ్రిఫిత్స్ ఛార్ల్‌స్టన్‌లో దిగి, గుర్రం మీద వందల మైళ్ళు లోపలికి వెళ్ళి, చెరోకీ పెద్దల్ని కలిసి అనుమతి అడిగాడు. వాళ్ళు వెంటనే ఒప్పుకోలేదు. ఇంతకు ముందు కూడా మీలాంటి వాళ్ళు వచ్చి మా నేలలో పెద్ద గోతులు తవ్వి తెల్లమట్టి పట్టుకుపోయారు, మాకు మిగిలింది మాటలే అని వాళ్ళు అన్నట్టు గ్రిఫిత్స్ తన దినచర్యలో రాసుకున్నాడు. చాలాసేపు మాట్లాడాక సరే అన్నారు. చలికాలం, వాన, మంచు. తవ్విన మట్టిని గుర్రాల మీద కొండ దింపి, బండ్లకెక్కించి, రేవుకి చేర్చి 1768లో లండన్ పట్టుకొచ్చాడు. మొత్తం సుమారు ఐదు టన్నులు. పెద్దలు చెప్పిన ఆ గోతుల మాట నాకు చాలా రోజులు గుర్తుండిపోయింది. గనులున్న ఏ ఊరివాళ్ళని అడిగినా ఇదే మాట చెబుతారు.

అంత ఖర్చుతో తెచ్చిన మట్టిని వెడ్జ్‌వుడ్ ఏళ్ళ తరబడి జాగ్రత్తగా దాచి వాడాడు. వేల నమూనాలు కాల్చి చూసి 1770ల మధ్యలో తన ప్రసిద్ధమైన జాస్పర్ సామాను తయారుచేశాక, అందులో ఈ చెరోకీ మట్టి ఉందనీ, అది మళ్ళీ దొరకదనీ కొనేవాళ్ళ చెవిన వేయమని భాగస్వామి థామస్ బెంట్లీకి సూచించాడు. మట్టి అయిపోతుంది కాబట్టి తొందరపడండి అన్నమాట. లిమిటెడ్ ఎడిషన్ అనే కిటుకు మన ఫోన్ కంపెనీలు కనిపెట్టింది కాదు. 1775లో కార్న్‌వాల్ వెళ్ళి అక్కడి తెల్లమట్టికి ఏర్పాట్లు చేసుకున్నాడు. అదే ఏడాది, ఆ మట్టి మీద పింగాణీ హక్కులు ఒక్కడికే ఉండకూడదని పార్లమెంటులో పోరాడాడు కూడా. దేశంలోని మట్టి అందరు కుమ్మరులదీ అన్నది ఆ పోరాటంలో ఆయన వాదన. ఏ దేశం, ఏ కుమ్మరులు అన్నది మాత్రం ఆయన అడుగుకోలేదు.

మిగతా జీవితం త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అది చాలా చోట్ల దొరుకుతుంది. 1764లో బంధువుల అమ్మాయి సారాతో పెళ్ళి. 1766లో ట్రెంట్, మెర్సీ నదుల్ని కలిపే కాలువకి మొదటి పార తనే వేశాడు. గుర్రాల మీద సామాను మోస్తే దారిలో ఎంత పగులుతుందో ఆయనకి తెలుసు. 1768లో కుడికాలు మోకాలి పైన తీసేశారు, మత్తుమందు లేని కాలం అది. 1769లో ఎట్రూరియా అనే పెద్ద ఫ్యాక్టరీ తెరిచాడు. పని వేళకి గంట, ఒక్కొక్కరికి ఒక్క పని. నచ్చని కుండని చెక్కకాలితో పగలగొట్టేవాడని ఒక కథ చెబుతారు, నిజమో కాదో గానీ నమ్మబుద్ధేస్తుంది. రష్యా మహారాణి కేథరీన్‌కి 952 ముక్కల భోజన సామాను చేశాడు. 1782లో పైరోమీటర్: చిన్న మట్టిబిళ్ళని బట్టీలో కాలిస్తే అది వేడికి తగ్గట్టు కుంచించుకుపోతుంది, దాన్ని క్రమంగా సన్నబడే గాడిలో జారిస్తే ఎక్కడ ఆగిందో అదే వేడి లెక్క. ఆయన స్కేలు చూపే డిగ్రీలు అసలు వేడికంటే చాలా ఎక్కువని తరవాత తేలింది. అయినా ఈ పని ఆయన్ని మరుసటి ఏడు రాయల్ సొసైటీలో సభ్యుణ్ణి చేసింది.

ఆ 1783లోనే ఇంకోటి జరిగింది. అమెరికా స్వతంత్ర దేశంగా గుర్తింపు పొందింది. రాజకీయంగా వెడ్జ్‌వుడ్ మొదటినుంచీ అమెరికన్ల పక్షమే, యుద్ధాన్ని తప్పుపట్టినవాడే. కానీ అదే ఏడాది తన ప్రాంతపు కుమ్మరి పనివాళ్ళని ఉద్దేశించి ఒక చిన్న పుస్తకం అచ్చువేయించాడు. విషయం: విదేశీ యజమానుల మాట నమ్మి వెళ్ళకండి.

అందులో బార్ట్‌లమ్ కథనే హెచ్చరికగా చెప్పాడు. ఇక్కడ నష్టపోయిన ఒక యజమాని కరోలైనా వెళ్ళి పెద్ద పెద్ద జీతాలు ఆశచూపి పనివాళ్ళని రప్పించాడనీ, వాళ్ళు నెలల తరబడి తుపానుల్లో ప్రయాణించి చేరారనీ, కొన్నాళ్ళు బాగానే సాగిందనీ, తరవాత ఆ వాతావరణానికి, తిండికి, వాటికి తోడు ఇంటి మీద బెంగకి ఒక్కొక్కళ్ళే రాలిపోయారనీ, చనిపోయిన వాళ్ళ చోటు నింపడానికి ఇంగ్లండు నుంచి కొత్తవాళ్ళు చాలలేదనీ రాశాడు. ఫిలడెల్ఫియాలో 1770లో మొదలై రెండేళ్ళకే మూతపడిన ఇంకో పింగాణీ ఫ్యాక్టరీ సంగతీ చెప్పాడు. దాని పనివాళ్ళు పరాయి ఊళ్ళో అడుక్కునే స్థితికి వచ్చారట.

ఈ పుస్తకాన్ని ఎలా చదవాలో నేను చాలాసార్లు ఆలోచించాను. అబద్ధమని తోసేయలేం. దక్షిణ కరోలైనా చిత్తడి నేలల్లో జ్వరాలతో చనిపోవడం ఆ రోజుల్లో మామూలే. గల్ఫ్‌కి వెళ్ళి పాస్‌పోర్ట్ లాక్కోబడ్డ మన జిల్లాల వాళ్ళ గురించి విన్నవాళ్ళెవరూ ఇలాంటి హెచ్చరికని తేలిగ్గా తీసుకోరు. కానీ చెబుతున్నది ఎవరు? ఆ పనివాడు వెళ్ళిపోతే నష్టపోయే యజమాని. వెళ్ళవద్దన్న మాటతో పాటు, ఉండండి, జీతం పెంచుతాను అన్న మాట ఉంటే నాకు ఇంకా నచ్చేది. మళ్ళీ ఇదే మనిషి 1787లో, సంకెళ్ళతో మోకరిల్లి తానూ మనిషినే కదా అని అడుగుతున్న నల్లజాతి బానిస బొమ్మతో బిళ్ళలు చేయించి ఉచితంగా పంచాడు. మరుసటి ఏడు కొన్నిటిని ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కి పంపాడు. ఒకే మనిషిలో ఈ రెండూ ఉన్నాయి. ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని కొట్టేయడం నాకు చేతకాలేదు. 1785లో ఐర్లండుతో స్వేచ్ఛా వ్యాపారం వద్దని తయారీదారులందర్నీ కూడగట్టి ప్రధాని పిట్ మీదే పోరాడిన మనిషి కూడా ఈయనే.

ఇక ఆఖరి మట్టి. 1788 జనవరిలో కెప్టెన్ ఆర్థర్ ఫిలిప్ ఖైదీల ఓడలతో ఆస్ట్రేలియా చేరి సిడ్నీ కోవ్‌లో వలస స్థాపించాడు. అక్కడి ఆదివాసులు ఒంటికి పూసుకునే తెల్లమట్టి ఆయన కంట్లో పడింది. కొంత మూటకట్టి లండన్‌లో శాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్‌కి పంపాడు, బ్యాంక్స్ దాన్ని వెడ్జ్‌వుడ్‌కి ఇచ్చాడు. వెడ్జ్‌వుడ్ పరీక్షించి చాలా మేలైన మట్టి అని తేల్చాడు. 1789లో దానితో అరచేతిలో ఇమిడే బిళ్ళలు చేయించాడు. హెన్రీ వెబర్ బొమ్మ గీస్తే విలియం హ్యాక్‌వుడ్ అచ్చు చేశాడు. ఆశ అనే దేవత, శాంతి, కళ, శ్రమ అనే ముగ్గురిని పలకరిస్తుంటుంది, వెనకాల సముద్రం, ఓడ. బిళ్ళ వెనక, సిడ్నీ కోవ్ మట్టితో వెడ్జ్‌వుడ్ చేసింది అని ముద్ర. మట్టితో వచ్చిన ఇంకో ఖనిజాన్ని పరీక్షించి అందులో కొత్త పదార్థం ఉందని 1790లో రాయల్ సొసైటీ పత్రికలో రాశాడు. 1798లో ఛార్లెస్ హ్యాచెట్ మళ్ళీ పరీక్షిస్తే అది మామూలు సిలికా, అల్యూమినా, ఇనుప ఆక్సైడ్ అని తేలింది. అప్పటికి వెడ్జ్‌వుడ్ లేడు, 1795 జనవరి 3న చనిపోయాడు.

ఆ బిళ్ళలు కొన్ని 1790లో ఓడెక్కి ఫిలిప్ దగ్గరికి తిరిగి వెళ్ళాయి. అప్పటికి సిడ్నీలో తిండికే కటకట. మట్టి పదివేల మైళ్ళకి పైగా వెళ్ళి కాలి, కళా శ్రమా వర్ధిల్లుతాయని చెప్పే బొమ్మగా మళ్ళీ అంత దూరం వచ్చింది, ఊళ్ళో మాత్రం అన్నం తినడానికి పళ్ళెం లేదు. జేమ్స్ బ్లడ్‌వర్త్ అనే ఖైదీ ఇటుకలు చేయించడం మాత్రం మొదటి ఏడాదే మొదలైంది. వలసలు సాధారణంగా ముందు ఇటుక నేర్చుకుంటాయి, తరవాత కుండ, ఆఖర్న పింగాణీ. సిడ్నీలో కుమ్మరి పని చాలా ఏళ్ళు అలా కుంటుతూనే నడిచింది.

చివరికి దాన్ని నిలబెట్టిన వాళ్ళలో ముఖ్యుడు జోనథన్ లీక్. ఊరు బర్స్‌లెమ్! వెడ్జ్‌వుడ్ పుట్టిన ఊరే. 1819లో దొంగతనం కేసులో మరణశిక్ష పడి, దాన్ని యావజ్జీవ ప్రవాసంగా మారిస్తే, తోటి కుమ్మరి జాన్ మోర్టన్‌తో పాటు ఓడలో సిడ్నీ చేరాడు. పనివాళ్ళు సముద్రం దాటకూడదని వెడ్జ్‌వుడ్ అచ్చువేసి చెప్పిన 36 ఏళ్ళకి, ప్రభుత్వమే సంకెళ్ళు వేసి ఖర్చు పెట్టుకుని మరీ దాటించింది. లీక్ మొదట ప్రభుత్వం కోసం పనిచేశాడు, 1820ల మొదట్లో బ్రిక్‌ఫీల్డ్ హిల్ అనే చోట సొంత బట్టీ పెట్టాడు. ఇంటి దగ్గర్నుంచి భార్యనీ పిల్లల్నీ రప్పించుకున్నాడు. 1828 నాటికి అతని దగ్గర ఇరవై మందికి పైగా పని చేసేవాళ్ళు. ఇటుకలు, జాడీలు, జింజర్ బీరు సీసాలు చేసి అమ్మేవాడు. మన ఆవకాయ జాడీల్లాంటి గట్టి రకం మట్టి సామాను, అందంగా ఉండాలన్న పట్టింపు లేదు. ఆ సీసాలు ఇప్పటికీ సిడ్నీలో పునాదులు తవ్వినప్పుడు బయటపడుతుంటాయి. మట్టి పచ్చిగా ఉండగానే భుజం దగ్గర నొక్కిన ముద్ర ఉంటుంది వాటి మీద, తన ఇంటిపేరుతో.